నేరుగా విత్తే వరికి బాగా లేచి నిలబడే రకాలు – బ్రీడింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేరుగా విత్తే వరి మీద ఎప్పుడు మాట్లాడినా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి, ప్రతిసారీ మొదట్నుంచి టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టేశా. బ్రీడింగ్ చదివే స్టూడెంట్స్‌కి, ట్రయల్స్ చూసుకునేవాళ్ళకి, విత్తన రంగంలో పనిచేసేవాళ్ళకి పనికొస్తుందనుకుంటున్నా. ఏ ప్రశ్న కావాలో దాని దగ్గరికే వెళ్ళిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## పని మొదలుపెట్టే ముందు

ఇన్నాళ్ళూ వరి మొలక గురించి ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడే ఎందుకింత గోల?

ఎందుకంటే నారుమడి ఆ లోపాన్ని కప్పేసింది. చిన్న మడి, చదునుగా దమ్ము, కళ్ళెదురుగా నీళ్ళు, పైగా నానబెట్టి మండెకట్టిన విత్తనం, ఇంత చేస్తే ఏ రకమైనా లేస్తుంది, లేవని చోట పక్కనున్న నారు తీసుకుని నాటేస్తాం. 1966లో ఐఆర్8 అనే పొట్టి, ఎక్కువ దిగుబడి రకం వచ్చినప్పట్నుంచి దశాబ్దాల పాటు బ్రీడర్లు సెలెక్షన్ చేసిందంతా ఎక్కువగా నాటిన పొలాల్లోనే, అంటే మొలక దశలో బలహీనంగా ఉన్న లైన్ (ఇంకా రకంగా విడుదల కాని బ్రీడింగ్ వరస) కూడా ఏ పరీక్షా ఎదుర్కోకుండా ముందుకు వెళ్ళిపోయింది. ఇప్పుడు కూలీల కొరత, నీళ్ళ కొరత వల్ల నేరుగా విత్తడం పెరిగేసరికి ఆ దాగిన లోపం బయటపడింది, అంతే. వరి కొత్తగా చెడిపోలేదు, మనం ఎప్పుడూ అడగని ప్రశ్న ఇప్పుడు అడుగుతున్నాం.

జర్మినేషన్ టెస్ట్‌లో 95 శాతం వచ్చింది, పొలంలో సగం కూడా లేవలేదు, విత్తనం మోసమా?

మోసమే అనుకోనక్కర్లేదు. జర్మినేషన్ టెస్ట్ అంటే తడి పేపర్ మీద, సరైన ఉష్ణోగ్రతలో, గాలి బాగా ఆడుతూ ఉన్నప్పుడు గింజ బతికుందా లేదా అని చూడటం. పొలంలో గింజ ముందు నీళ్ళు పీల్చాలి, వేరు, మొలక బయటకి రావాలి, మీదున్న మట్టిని తోసుకుని వెలుతురులోకి రావాలి, ఆకు విప్పాలి, గింజలోని పిండి అయిపోయేలోపు సొంతంగా వేళ్ళూనుకోవాలి. ఈ దారిలో ఎక్కడైనా ఆగిపోవచ్చు. లోతు ఎక్కువైతే మధ్యలోనే పిండి అయిపోతుంది, వాన పడి ఎండ కాస్తే పైన అట్టకట్టి మొలక లోపలే మెలితిరిగిపోతుంది, నీళ్ళు నిలిస్తే ఆక్సిజన్ అందక కుళ్ళిపోతుంది, చలిగా ఉంటే అంత నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ఈలోపు బూజు పట్టేస్తుంది. రెండు రకాలకి పేపర్ మీద ఒకే 95 వచ్చినా పొలంలో ఒకటి 80, ఇంకోటి 45 రావచ్చు. బ్రీడర్‌కి పని దొరికేది సరిగ్గా ఆ తేడాలోనే.

త్వరగా మొలకెత్తడం, బాగా పైకి రావడం, మొక్క నిలదొక్కుకోవడం మూడూ ఒకటే కదా?

కాదు, ఇవి ఒకటే అనుకుని ఒకే మార్క్ వేస్తే సెలెక్షన్ గందరగోళం అవుతుంది. మొలకెత్తే వేగం చాలావరకు గింజ లోపలి ఎంజైములు, డార్మెన్సీ (కోశాక గింజ కొన్నాళ్ళు మొలకెత్తకుండా ఉండే నిద్ర), ఉష్ణోగ్రత మీద ఉంటుంది. మట్టి చీల్చుకుని పైకి రావడం మీసోకాటిల్ (గింజ నుంచి మొలకని పైకి తోసే తెల్లటి కాడ), కోలియోప్టైల్ (మొదటి ఆకుని కప్పి ఉండే తొడుగు) ఎంత పొడవు సాగుతాయన్న దాని మీద ఉంటుంది. వచ్చాక నిలదొక్కుకోవడం మొదటి రెండు మూడు వారాల్లో ఆకు విస్తీర్ణం, వేళ్ళు, పిలకలు ఎంత త్వరగా వస్తాయన్న దాని మీద. మొదటిది బాగున్న లైన్ మూడోదాంట్లో తుస్సుమనొచ్చు. డేటా షీట్‌లో మూడూ వేరే కాలమ్స్‌లో రాసుకోండి.

పొడి దుక్కిలో విత్తడానికి, దమ్ములో చల్లడానికి ఒకే రకం చాలదా?

రెండింట్లోనూ బాగుండే రకం వస్తే సంతోషమే, కానీ మొక్కకి ఎదురయ్యే ఇబ్బంది రెండు చోట్లా వేరు. పొడి దుక్కిలో గింజ లోతుగా పడుతుంది, పదును తక్కువ, పైన మట్టి గట్టిపడుతుంది, కాబట్టి అక్కడ పొడవు మీసోకాటిల్ కావాలి, తక్కువ పదునులో కూడా మొలకెత్తాలి. దమ్ములో విత్తనం పైపైనే పడుతుంది కాబట్టి లోతు గొడవ లేదు గానీ, విత్తిన రాత్రే పెద్ద వాన పడి నీళ్ళు నిలిచాయనుకోండి, అక్కడ ఆక్సిజన్ లేకుండా మొలకెత్తే గుణం కావాలి. ఈ రెండు గుణాల వెనకున్న జీన్లు చాలావరకు వేరు. అందుకే ప్రాజెక్ట్ మొదట్లోనే ఏ పొలం కోసం చేస్తున్నారో తేల్చుకోండి. "మంచి మొలక కావాలి" అని మాత్రం రాసుకుని మొదలుపెట్టిన ప్రోగ్రాం ఎటూ వెళ్ళదని నా గట్టి నమ్మకం.

విత్తనం డోస్ పెంచితే అయిపోయేదానికి బ్రీడింగ్ ఎందుకండీ?

చాలామంది చేస్తున్నది అదే, కొంతవరకు పనిచేస్తుంది కూడా. కానీ ఎక్కువ విత్తనం వేసినంత మాత్రాన పొలమంతా సమానంగా రాదు, మంచి చోట గుంపులు గుంపులుగా వస్తుంది, పల్లంలో ఖాళీగానే ఉంటుంది. గుబురుగా ఉన్న చోట కాడ సన్నగా పెరిగి పడిపోతుంది, తెగుళ్ళు ఎక్కువ, ఖాళీ చోట కలుపు కూర్చుంటుంది. హైబ్రిడ్ విత్తనం అయితే ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు.

## పేరెంట్స్, డోనర్లు

డోనర్ల కోసం ఎక్కడ వెతకాలి?

డోనర్ అంటే మనకి కావాల్సిన గుణాన్ని ఇచ్చే పేరెంట్. ముందు, నేరుగా విత్తడమే అలవాటుగా ఉన్న ప్రాంతాల పాత దేశవాళీ రకాల్లో వెతకండి. మెట్ట వరి, వరద నేలల వరి, లోతు నీళ్ళ వరి, ఇవన్నీ తరతరాలుగా నారుమడి లేకుండా బతికినవి, బలహీనమైనవి వాటంతటవే రాలిపోయుంటాయి. నీళ్ళలో మొలకెత్తే గుణం కోసం ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 8000కి పైగా రకాలు, లైన్లు జల్లెడ పడితే నిలబడ్డవి చాలా కొద్ది, వాటిలో మయన్మార్ రకం ఖావో హ్లాన్ ఆన్, చైనా రకం మా-ఝాన్ రెడ్, భారత్ నుంచి నాన్హి లాంటివి ఉన్నాయి. చలిలో మొలకెత్తడానికి ఇటలీ రకం ఇటాలికా లివోర్నో పేరు తరచూ వినిపిస్తుంది. మీసోకాటిల్ పొడవు కోసమైతే మెట్ట రకాలు, ఔస్ (బంగ్లాదేశ్, తూర్పు భారత్ వైపు త్వరగా పండే వరి) గుంపు రకాలు చూడండి, కలుపు వరిలో కూడా చాలా పొడవుంటుంది గానీ దాన్ని డోనర్‌గా తెస్తే గింజ రాలడం, ఎర్ర రంగు, మొండి డార్మెన్సీ కూడా వెంటపడి వస్తాయి. 3000 వరి జీనోముల ప్రాజెక్ట్ డేటా అందరికీ తెరిచే ఉంది కాబట్టి విత్తనం తెప్పించుకునే ముందే ఏ రకంలో ఏ అల్లీల్ (ఒక జీన్‌కి ఉండే రూపం) ఉందో కంప్యూటర్ ముందు కూర్చుని చూసుకోవచ్చు.

పొట్టి రకాల వల్లే మొలక పాడైందంటారు, నిజమేనా?

కొంత నిజం. వరిలో పొట్టిదనం ఎక్కువగా వచ్చింది ఎస్డీ1 అనే జీన్ నుంచి, డీ-జియో-వూ-జెన్ అనే తైవాన్ రకం ద్వారా. ఆ జీన్ జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోన్ తయారీలో పనిచేసే ఒక ఎంజైమ్‌ది, అది దెబ్బతిన్నందుకే కాడ పొట్టిగా ఉంటుంది, పడిపోదు, ఎరువు తట్టుకుంటుంది. అదే జిబ్బరెల్లిన్ మొలక సాగడానికీ కావాలి కాబట్టి ఈ రకాల్లో మీసోకాటిల్ పొట్టిగా ఉండటం మామూలే, చాలా ఆధునిక రకాల్లో అది 1 సెం.మీ. దాటదు.

అయితే తప్పంతా ఎస్డీ1 మీదకి తోసేయడం సరికాదు. ఎస్డీ1 ఉన్న లైన్లలోనే మొలక సత్తాలో బోలెడు తేడా ఉంటుంది, అంటే మిగతా జీన్లతో చాలా సరిచేసుకోవచ్చు. మొక్క ఒక్క ఎంజైమ్ మీదే ఆధారపడదు, జిబ్బరెల్లిన్ తయారుచేసే ఇంకో తోబుట్టువు జీన్ జీఏ20ఆక్స్1లో మొలక దశలో బలంగా పనిచేసే అల్లీల్స్ దొరికాయి, వాటితో కాడ ఎత్తు పెద్దగా పెరగకుండా మొలక జోరు తేవచ్చన్నది ఆలోచన. గోధుమలో కూడా ఇదే కథ, పొట్టి జీన్లు కోలియోప్టైల్‌ని పొట్టి చేస్తే అక్కడివాళ్ళు వేరే పొట్టి జీన్లు వెతుక్కున్నారు. వరిలో ఎస్డీ1ని పూర్తిగా వదిలేయమని మాత్రం నేను చెప్పను, నేరుగా విత్తిన వరికి పడిపోయే బెడద ఇంకా ఎక్కువ.

గింజ లావుగా ఉంటే మొలక బలంగా వస్తుంది కదా, అదే చూసి సెలెక్ట్ చేస్తే?

లావు గింజలో పిండి ఎక్కువ కాబట్టి లోతు నుంచి రావడానికి కాస్త అనుకూలమే. ఒకే రకంలో అయితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఉప్పునీళ్ళలో వేసి తేలినవి తీసేసి మునిగినవి విత్తితే తేడా తెలుస్తుంది. కానీ రకాల మధ్య పోల్చినప్పుడు ఈ లెక్క అంత నమ్మకంగా ఉండదు, సన్న గింజ రకాల్లో కూడా దూసుకొచ్చేవి ఉన్నాయి, ఎందుకంటే పిండి ఎంతుందన్నదాని కంటే దాన్ని ఎంత వేగంగా చక్కెరగా మార్చి మొలకకి పంపుతుందన్నది ముఖ్యం. సన్న బియ్యానికి గిరాకీ ఉన్న చోట గింజ లావు చేసి మొలక సాధించినా ఆ రకాన్ని కొనేవాళ్ళుండరు.

గ్లాబెరిమా వరితో క్రాస్ చేస్తే పని తేలికవుతుందా?

ఆఫ్రికా వరి ఒరైజా గ్లాబెరిమా మొదటి వారాల్లోనే పెద్ద పల్చటి ఆకులతో నేలని కప్పేసి కలుపుని అణిచేస్తుంది, సీజీ14 అనే గ్లాబెరిమా లైన్‌ని మామూలు వరితో కలిపి పుట్టించినవే మెట్ట నెరికా రకాలు. కానీ తేలిక అని మాత్రం అనకండి, మొదటి తరం మొక్కలు దాదాపు గొడ్డుపోతాయి, బ్యాక్‌క్రాస్‌లు (పుట్టిన మొక్కని మళ్ళీ మామూలు వరితోనే కలపడం) చేస్తేనే గింజ కడుతుంది, గింజ రాలడం, పడిపోవడం లాంటివి వదిలించుకోవాలి. పెద్ద టీమ్, ఓపిక ఉంటే సరే.

## ల్యాబ్‌లో, ట్రేలలో స్క్రీనింగ్

మీసోకాటిల్ పొడవు ఎలా కొలుస్తారు?

గింజకీ, కోలియోప్టైల్ మొదలయ్యే కణుపుకీ మధ్యనున్న తెల్లటి కాడే మీసోకాటిల్. వెలుతురు తగిలితే సాగడం ఆగిపోతుంది, కాబట్టి మొత్తం చీకట్లోనే చేయాలి, ఇదొక్కటి మర్చిపోతే కొలతలన్నీ వృథా. ఇసుకో జల్లెడ పట్టిన మట్టో తీసుకుని 5 నుంచి 8 సెం.మీ. లోతులో గింజలు పెట్టి, 30 డిగ్రీల దగ్గర వారం పది రోజులు చీకట్లో ఉంచి, కడిగి స్కేలుతో కొలుస్తారు. పేపర్ చుట్టల్లో చేస్తే పని త్వరగా అవుతుంది కానీ మట్టి బరువు ఉండదు కాబట్టి ఆ ర్యాంకింగ్ పొలంతో ప్రతిసారీ కలవదు. నా పద్ధతి ఏంటంటే మొదటి జల్లెడకి పేపర్, మిగిలిన వాటికి మట్టి. కోలియోప్టైల్ కూడా అదే మొక్క మీద కొలిచేయండి, రెండూ కలిపితేనే మొలక ఎంత లోతు దాటగలదో తెలుస్తుంది. లావు కూడా గమనించండి, పొడుగ్గా ఉండి దారంలా సన్నగా ఉంటే అట్టకట్టిన నేల దగ్గర వంగిపోతుంది.

నీళ్ళలో మొలకెత్తే గుణం టెస్ట్ చేయాలంటే ఏం చేయాలి?

ట్రేలో మట్టి పోసి, పొడి గింజలు పెట్టి, పైన సుమారు 1 సెం.మీ. మట్టి కప్పి, వెంటనే 10 సెం.మీ. నీళ్ళు నింపి 21 రోజులు ఆ మట్టం తగ్గకుండా చూసుకుని, చివర్లో బతికిన మొక్కలు లెక్కపెట్టడం ఎక్కువమంది వాడే పద్ధతి. నీళ్ళు లేని ట్రే ఒకటి పక్కన తప్పకుండా పెట్టండి, లేకపోతే చచ్చిన విత్తనానికీ, నీళ్ళు తట్టుకోలేని విత్తనానికీ తేడా తెలీదు. నీటి ఉష్ణోగ్రత రోజూ రాసుకోండి, నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ ఇంకా తగ్గి టెస్ట్ కఠినమైపోతుంది, చల్లగా ఉంటే అందరూ పాసైపోతారు. ఒక తట్టుకునే రకం, ఒక తట్టుకోని రకం ప్రతి ట్రేలో చెక్‌గా ఉంటే వేర్వేరు బ్యాచ్‌లని పోల్చుకోవచ్చు.

మొన్ననే కోసిన గింజలతో స్క్రీనింగ్ చేసేయొచ్చా?

చేస్తే మీరు కొలిచేది డార్మెన్సీనే. వరిలో చాలా రకాలకి కోత తర్వాత కొన్ని వారాలు నిద్ర ఉంటుంది, అది రకానికో తీరు. 50 డిగ్రీల పొడి వేడిలో నాలుగైదు రోజులు ఉంచితే చాలావరకు విడిపోతుంది, పలచటి నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టే పద్ధతి కూడా ఉంది. విడిపోయిందని చిన్న టెస్ట్ చేసి చూసుకున్నాకే అసలు ప్రయోగం మొదలుపెట్టాలి.

అదే లైన్‌కి పోయినసారి బాగా వచ్చింది, ఈసారి రాలేదు, జీన్లు మారిపోతాయా?

మారింది విత్తనం. గింజ ఏ వాతావరణంలో పండింది, పాలు పోసుకునే టైంలో ఎండ ఎంతుంది, ఎప్పుడు కోశారు, ఎంత తేమతో నిల్వ చేశారు, ఎన్ని నెలలైంది, ఇవన్నీ మొలక జోరుని జీన్లతో సమానంగా, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా మారుస్తాయి. ఈ రంగంలో జనాల టైం ఎక్కువగా తినేసేది ఇదే. మందు ఒక్కటే: పోల్చాలనుకున్న లైన్లన్నీ ఒకే సీజన్లో, ఒకే పొలంలో పండించి, పూత తేదీని బట్టి ఒకే పక్వ దశలో కోసి, ఒకేలా ఆరబెట్టి, ఒకే గదిలో దాచిన విత్తనమే వాడాలి. జీన్ బ్యాంక్ నుంచి వచ్చిన పాకెట్ విప్పి నేరుగా స్క్రీనింగ్‌లో పెడితే ఆ డేటాని నేనైతే నమ్మను, ముందు ఒకసారి పెంచుకోవాలి. కుదిరితే రెండు వేర్వేరు సీజన్ల విత్తనంతో చేసి, రెండింట్లోనూ పైనున్నవే తీసుకోండి.

ఎఫ్2 గింజల మీదే నేరుగా సెలెక్ట్ చేస్తే ఒక తరం కలిసొస్తుంది కదా?

ఆశపెట్టే ఆలోచనే. ఎఫ్1 అంటే క్రాస్ చేశాక వచ్చిన మొదటి తరం, ఎఫ్2 అంటే దాని పిల్లలు. ఎఫ్1 మొక్క మీద కాసిన గింజలో పిండం ఎఫ్2 తరానిది, లోపలి పిండి కూడా కొత్త తరానిదే, కానీ పైనున్న పొట్టు, గింజ పొర మాత్రం తల్లి మొక్కవి, అంటే ఎఫ్1వి. కాబట్టి పొర వల్ల వచ్చే డార్మెన్సీ లాంటి గుణాలు ఆ గింజలన్నిట్లో ఒకేలా ఉంటాయి, విడిపోవడం తర్వాతి తరంలోనే కనిపిస్తుంది. ఇంకో చిక్కు, ఒక్క గింజని ఒక్కసారే పరీక్షించగలం, లోతులో ఒక రాయి అడ్డొచ్చి ఆగిపోయిందో జీన్ వల్ల ఆగిపోయిందో చెప్పలేం. కాబట్టి ఎఫ్2లో లోతుగా విత్తి మరీ బలహీనమైనవి రాలిపోయేలా చేయడం వరకు సరే, మార్కులేసి ఎంచుకోవడం మాత్రం ఒక్కో కుటుంబానికి చాలినంత విత్తనం చేతికొచ్చాకే.

చలి ప్రాంతాలకి వేరే టెస్ట్ ఉంటుందా?

ఉంటుంది, 15 డిగ్రీల దగ్గర మొలక శాతం, వేగం రెండూ చూస్తారు. వరికి 25 నుంచి 35 డిగ్రీలు హాయి, 10 డిగ్రీల దగ్గరకొచ్చేసరికి దాదాపు కదలదు. చలిలో మొలకెత్తడంలో 3వ క్రోమోజోమ్ మీది క్యూఎల్‌టీజీ3-1 జీన్ బాగా తెలిసినది, 2008లో బయటపెట్టారు. ఇది మొలకెత్తే దశకి మాత్రమే, పూత దశలో చలి తట్టుకోవడం వేరే సంగతి.

## జీన్లు, మార్కర్లు

ఏజీ1 అంటున్నారు, అసలు అదేం చేస్తుంది?

ఖావో హ్లాన్ ఆన్ రకంలో 9వ క్రోమోజోమ్ మీద దొరికిన క్యూటీఎల్ (ఒక గుణాన్ని ఎక్కువ తక్కువ చేసే క్రోమోజోమ్ ముక్క) అది, వెనకున్న జీన్ టీపీపీ7 అని 2015లో తేల్చారు. ఆక్సిజన్ లేనప్పుడు గింజకి శక్తి కరువు, అప్పుడు పిండిని చక్కెరగా కరిగించే అమైలేజ్ ఎంజైమ్ ఆడితేనే మొలక సాగుతుంది. ట్రెహలోస్-6-ఫాస్ఫేట్ అనే పదార్థం ఎక్కువుంటే కణం "చక్కెర చాలినంత ఉంది" అనుకుని ఊరుకుంటుంది, టీపీపీ7 దాన్ని ఖర్చుచేసేసి ఆకలి సిగ్నల్ నిలబెడుతుంది, దాంతో పిండి కరుగుతూనే ఉంటుంది, కోలియోప్టైల్ నీళ్ళ పైకి సాగి గాలి అందుకుంటుంది. విరివిగా వేసిన ఐఆర్64 రకంలో ఈ జీన్ ఉన్న ముక్కే లేదు, అందుకే అందులోకి బ్యాక్‌క్రాస్ చేస్తే తేడా కళ్ళకి కనిపించేంత ఉంటుంది. అయితే ఒక్క ఏజీ1తో పూర్తి డోనర్ అంత సత్తా రాదు. మా-ఝాన్ రెడ్ నుంచి 7వ క్రోమోజోమ్ మీద ఇంకో క్యూటీఎల్ దొరికింది, రెండూ పేర్చడం ఇప్పుడు మామూలు దారి. మీ రిసీవర్ పేరెంట్‌లో టీపీపీ7 ముందే ఉందేమో మొదట చూసుకోండి, చాలా రకాల్లో ఉంటుంది, ఉన్నదాంట్లోకే మళ్ళీ ఎక్కించడం దండగ.

మా రకంలో సబ్1 ఉంది, మునక సమస్య తీరినట్టే కదా?

మొలక దశకి తీరలేదు. మునక తట్టుకునే పాత రకం ఎఫ్ఆర్13ఏ నుంచి వచ్చిన సబ్1ఏ (సబ్1లో అసలు పని చేసే జీన్), పెరిగిన మొక్క మునిగినప్పుడు దాన్ని కదలకుండా ఆపి, శక్తి దాచుకుని, నీళ్ళు తీశాక లేచేలా చేస్తుంది. మొలకకి కావాల్సింది సరిగ్గా దానికి ఎదురు, ఆగకుండా పైకి సాగడం. సంతోషించాల్సిన విషయం ఏంటంటే రెండూ 9వ క్రోమోజోమ్ మీదే ఉన్నా ఒకే రకంలో కలపడం కుదిరింది, ఒకటి ఇంకోదాన్ని పెద్దగా చెడగొట్టలేదు. వానకాలం నేరుగా విత్తే పల్లపు భూములకి రెండూ ఉంటేనే ధైర్యం.

మీసోకాటిల్‌కి కూడా ఏజీ1 లాంటి ఒక్క మార్కర్ ఉందా?

మార్కర్ అంటే కావాల్సిన జీన్ ఉందో లేదో డీఎన్ఏలో చూపించే గుర్తు, అలా ఒక్క దెబ్బకి తేలేది లేదు. చాలా క్రోమోజోముల మీద చిన్న చిన్న క్యూటీఎల్స్ కలిసి పనిచేస్తాయి, బ్రాసినోస్టెరాయిడ్, స్ట్రిగోలాక్టోన్, ఎథిలీన్, జాస్మోనేట్ ఇన్ని హార్మోన్ల చెయ్యి ఉంది. జీఎస్‌కే2, జీవై1 లాంటి జీన్లలో సహజంగా ఉండే తేడాలు మీసోకాటిల్ పొడవుని మారుస్తాయని తేలింది. ఇలాంటి గుణానికి నాలుగైదు పెద్ద క్యూటీఎల్స్ మార్కర్లతో పట్టుకుని మిగతాది జీనోమంతటా ఉన్న గుర్తుల్ని చూసి లైన్ సత్తా అంచనా వేసే జీనోమిక్ సెలెక్షన్‌కి వదిలేయడం నాకు తెలివైన పనిగా అనిపిస్తుంది, ఆ అంచనా నేర్పే ట్రైనింగ్ సెట్‌లో డేటా పొలం లోతుల్లో తీసినదై ఉండాలి, పేపర్ చుట్టలది కాదు.

జీన్ ఎడిటింగ్‌తో త్వరగా అయిపోదా?

ఏదైనా జీన్‌ని ఆపేస్తే మేలు జరిగే చోట త్వరగానే అవుతుంది. కానీ ఎక్కువసార్లు మనకి కావాల్సింది లేని జీన్‌ని తేవడమో ఉన్నదాన్ని మొలక దశలో మాత్రమే గట్టిగా పనిచేయించడమో, అది అంత తేలిక కాదు. హార్మోన్ జీన్ ముట్టుకుంటే ఎత్తు, పిలకలు, కంకి అన్నీ కదులుతాయి.

## పొలం ట్రయల్స్

ఎన్ని రోజులకి లెక్కపెట్టాలి, ఒక్కసారి చాలా?

ఒక్కసారి చాలదు. మొదటి మొలక కనిపించిన రోజు నుంచి రోజు విడిచి రోజైనా, ఇక కొత్తవి రావట్లేదనే వరకు లెక్కపెట్టండి, దాన్నుంచి వేగం, చివరి శాతం రెండూ వస్తాయి. ఆ తర్వాత మూడు వారాలకి ఇంకోసారి లెక్కిస్తే లేచి చచ్చినవెన్నో తెలుస్తుంది. ఈ చివరి లెక్క చాలామంది వదిలేస్తారు, కానీ రైతుకి మిగిలే మొక్కలు అవే. వరసలో గింజలు లెక్కపెట్టి వేయకపోతే శాతం అనేదే రాదు, కాబట్టి బరువుతో కాకుండా గింజల సంఖ్యతో విత్తండి, లావు గింజ రకానికీ సన్న గింజ రకానికీ కిలోలో గింజలు సమానంగా ఉండవు.

ఎంత లోతులో విత్తి చూడాలి?

రైతుకి చెప్పే 2-3 సెం.మీ. ఒకటి, కష్టపెట్టే 6 సెం.మీ. దరిదాపు ఒకటి, రెండూ పెట్టండి. మామూలు లోతులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, లోతు పెంచాకే లైన్లు విడిపోతాయి. మరీ 10 సెం.మీ.కి వెళ్తే అన్నీ చచ్చి మళ్ళీ తేడా కనిపించదు. రైతుల పొలంలో యంత్రం తప్పో, గడ్డల వల్లో గింజ ఎటూ లోతుగా పడుతుంటుంది, అందుకే కష్టపెట్టే లోతు ఉత్త ప్రయోగం కోసం కాదు.

మీసోకాటిల్ పొడుగైతే మొక్క పడిపోదా?

ఈ భయం బాగా ఉంది కానీ కారణం తక్కువ. మీసోకాటిల్ సాగడం వల్ల మొక్క మొదలు నేల పైభాగానికి దగ్గరగా వస్తుంది, పిలకలు, గట్టి కణుపు వేళ్ళు అక్కడ్నుంచే వస్తాయి, పొడుగైన ఆ భాగం మట్టిలోనే ఉండిపోతుంది. పడిపోవడం కాడ మందం, ఎత్తు, వేళ్ళ లోతు, నత్రజని, మొక్కల గుబురు మీద ఉంటుంది. అయినా ఆఖరి లైన్లని గాలీ వానా పడే సీజన్లో పూర్తి ఎరువుతో ఒకసారి నిలబెట్టి చూడండి.

మొలక జోరు కోసం సెలెక్ట్ చేస్తే దిగుబడి తగ్గుతుందా?

జోరుకీ దిగుబడికీ పుట్టు శత్రుత్వమేం లేదు. తగ్గినట్టు కనిపించిన చోట చాలాసార్లు కారణం డోనర్ నుంచి వెంట వచ్చిన అనవసరపు ముక్కలు, ఎత్తు, ఆలస్యం పూత లాంటివి. దగ్గరగా మార్కర్లు పెట్టుకుని ఆ ముక్కలు కత్తిరించుకుంటూ రావాలి. ట్రయల్‌ని నాటిన పొలంలో మాత్రమే పెడితే ఈ గుణానికి విలువ కనపడదు, నేరుగా విత్తిన పొలంలో, వీలైతే ఇబ్బంది పెట్టిన పొలంలో, పాత రకం పక్కన పెట్టి పోల్చాలి.

కలుపు సంగతి? మొలక బాగుంటే కలుపు మందు అక్కర్లేదా?

అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. నాటిన వరికి నారు రూపంలో మూడు వారాల ముందంజ ఉంటుంది, నిలిచిన నీళ్ళు కూడా కలుపుని తొక్కిపెడతాయి, నేరుగా విత్తితే ఊద, వరి ఒకే రోజు లేస్తాయి. జోరుగా లేచే రకం ఆ పోటీలో నాలుగు రోజులు ముందుంటుంది, విత్తగానే నీళ్ళు నిలపగలిగే రకమైతే నీళ్ళతోనే కొంత కలుపు ఆపొచ్చు, మొక్కలు సమానంగా లేస్తే మందు కొట్టే టైం కూడా సరిగ్గా కుదురుతుంది. ఇమాజెథాపిర్ అనే కలుపు మందు తట్టుకునే పూసా బాస్మతి 1979, 1985 రకాలు 2021లో వచ్చాయి, అది వేరే దారి. అందులో జాగ్రత్త పడాల్సింది కలుపు వరి గురించి, ఆ తట్టుకునే జీన్ దానికి అంటుకుంటే పెద్ద తలనొప్పి.

## విడుదల దగ్గరకొచ్చాక

త్వరగా మొలకెత్తే రకం చేస్తే కోతకి ముందు వాన పడి చేలోనే మొలకెత్తిపోదా?

ఇది నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్న. డార్మెన్సీ మొత్తం తీసేస్తే కంకి మీదే మొలకలొస్తాయి, ఎక్కువుంటే వచ్చే పంటకి విత్తనం లేవదు. మనకి కావాల్సింది కోత సమయంలో కొన్ని వారాలు గట్టిగా ఉండి, ఆరబెట్టి దాచేసరికి వదిలేసే డార్మెన్సీ. కసలాత్ రకం నుంచి 2010లో బయటపడ్డ ఎస్డీఆర్4 లాంటి జీన్లతో ఈ పట్టు సర్దుకోవచ్చు. ఎర్ర గింజ రంగుకి కారణమైన ఆర్సీ జీన్ కూడా డార్మెన్సీ పెంచుతుంది, ఎర్ర డోనర్ వాడి తెల్ల బియ్యం లైన్లు ఎంచుకుంటూ పోతే తెలియకుండానే డార్మెన్సీ కూడా తగ్గించేస్తున్నట్టే. ఆఖరి లైన్ల కంకులని పూతైన 30, 35 రోజులకి కోసి తడి గుడ్డలో చుట్టి వారం ఉంచి చూడండి, మొలక జోరు డేటా పక్కనే ఈ అంకె కూడా ఉండాలి.

సీడ్ ప్రైమింగ్ చేస్తే ఏ రకమైనా లేస్తుందట, ఇక జీన్లతో పనేంటి?

నానబెట్టి మళ్ళీ ఆరబెట్టే ప్రైమింగ్ వేగం పెంచుతుంది, సమానంగా లేపుతుంది, చవక కూడా, తప్పకుండా చేయండి. కానీ అది మీసోకాటిల్‌ని 1 సెం.మీ. నుంచి 4 సెం.మీ. చేయదు, గింజలో లేని టీపీపీ7ని తెచ్చిపెట్టదు. ఇంకో సంగతి, ప్రైమ్ చేసిన విత్తనం ఎక్కువ రోజులు నిల్వ ఉండదు. ట్రయల్స్‌లో అయితే అన్ని లైన్లకీ చేయండి లేదా దేనికీ చేయకండి.

మొత్తం ఎన్నేళ్ళు పడుతుంది?

ఇష్టపడి వేస్తున్న రకంలోకి ఒకటి రెండు తెలిసిన క్యూటీఎల్స్ ఎక్కించడమైతే మార్కర్లతో రెండు మూడు బ్యాక్‌క్రాస్‌లు, స్థిరపరచడం కలిపి ఏడాదికి రెండు పంటలు తీస్తే మూడేళ్ళలో లైన్ చేతికొస్తుంది, ఆపైన ట్రయల్స్. కొత్త డోనర్‌తో మొదలుపెట్టి మీసోకాటిల్, తొలి జోరు లాంటి చాలా జీన్ల గుణాలు కట్టాలంటే అంతకి రెట్టింపు దాటుతుందనుకోండి.

రకం మంచిదే, కానీ రైతుకి చేరాక మొలక రావట్లేదంటే?

ముందు విత్తనం నిల్వ చూడండి. 12-13 శాతం తేమ దాటిన గింజ, వేడి గోదాములో నెలలు గడిపిన గింజ, ఏ జీన్ ఉన్నా ముసలిదైపోతుంది. అందుకే విడుదలకి ముందే 40 డిగ్రీల పైన, ఎక్కువ తేమలో కొన్ని రోజులు ఉంచి త్వరగా ముసలిచేసే టెస్ట్ ఆఖరి లైన్లకి పెట్టడం మంచిది, నిల్వలో త్వరగా పాడయ్యే లైన్లు అక్కడే దొరికిపోతాయి. అదీ బాగుంటే పొలానికి వెళ్ళి ఖాళీగా ఉన్న చోట మట్టి తవ్వి చూడండి: గింజ ఉబ్బకుండా పొడిగా ఉంటే పదును చాలలేదు, మొలక మట్టి కింద మెలితిరిగి ఉంటే లోతో అట్టో, మెత్తగా వాసనొస్తుంటే నీళ్ళు నిలిచాయి, పొట్టు మాత్రమే ఉంటే పిట్టలో చీమలో పట్టుకుపోయాయి.